ఓర్పు – ఒప్పుదల

సద్గుణాలలో ఇతరులకు ఉపదేశించడానికి అత్యంత సులభమైనది ఓర్పు. దానం చేయమని బోధించేవారిని మీరెంత ఇచ్చారని అడగవచ్చు. సత్యమే పలకాలని చెప్పేవారి మాటలను నిజంతో సరిచూడవచ్చు. ఓర్చుకోమని హితవు పలికేవారిని మాత్రం లోకం ఏ లెక్కా అడగదు. పైగా, ఆ హితవు పలికినందువల్ల పలికినవారికి అయ్యే వ్యయమంటూ ఏమీ ఉండదు. బహుశా ఈ కారణంచేతనే పెద్దలు పిన్నలకు, బలవంతులు బలహీనులకు, కార్యాలయాలు అర్జీదారులకు తరచుగా చెప్పే ధర్మం ఇదే అయింది.

తెలుగువారి నుడికారంలో ఓర్పుకు ఉన్నత స్థానమే ఉంది. సహనం కలవారిని గురించి భూదేవంత ఓర్పు అంటారు. ఓర్చినమ్మకు తేటనీరు అన్న సామెత తెలియని ఇల్లు లేదు. కదలిన చెలమలో బురద అడుగుకు దిగేవరకు ఆగిన ఇల్లాలి కడవలోకి తేటనీరు చేరుతుందని దాని తాత్పర్యం. అయితే ఆ సామెత పైకి చెప్పని నియమం ఒకటి అందులోనే ఇమిడి ఉంది. చెలమలో నీరు ఉండాలి. ఎండిన చెలమ ఒడ్డున కూర్చున్నవారు ఎంత కాలం ఓర్చినా కడవ నిండదు. కనుక ఓర్పు తనంతట తానే గుణమా, లేక దేనికోసం, ఎవరి ముందు, ఎంతకాలం అన్న ప్రశ్నలకు లభించే సమాధానాన్ని బట్టి గుణమో దోషమో అవుతుందా అన్నది విచారించదగిన విషయం.

ఈ విచారణకు క్రికెట్ ఆటను, అందునా అయిదు రోజుల టెస్టు క్రికెట్‌ను ఉదాహరణగా స్వీకరించడంలో ఔచిత్యం లేకపోలేదు. ఓర్పును కొలిచి, అంకెలలో నమోదు చేసి, బహిరంగంగా ప్రకటించే మానవ వ్యాపకాలు అరుదు. ఎన్ని నిమిషాలు నిలిచారు, ఎన్ని బంతులు ఎదుర్కొన్నారు, ఎన్నింటిని వదిలారు, ఎన్నింటిని శిక్షించారు అన్నదంతా ఆ ఆటలో లిఖితపూర్వకంగా మిగులుతుంది. తెలుగునాట ఆ ఓర్పుకు పర్యాయపదంగా నిలిచిన పేరు వి.వి.ఎస్. లక్ష్మణ్.

1974 నవంబరు 1న హైదరాబాదులో జన్మించిన వంగిపురపు వెంకట సాయి లక్ష్మణ్ తల్లిదండ్రులు ఇరువురూ వైద్యులు. తత్త్వవేత్త, భారత ద్వితీయ రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ కుటుంబంతో వారికి చుట్టరికం ఉంది. చదువులో ముందున్న ఆ బాలుడు వైద్యవిద్య, క్రికెట్ అనే రెండు దారుల మధ్య రెండవదాన్ని ఎన్నుకున్నాడు. 1996 నవంబరులో అహ్మదాబాదులో దక్షిణాఫ్రికాపై తొలి టెస్టు ఆడి, రెండవ ఇన్నింగ్స్‌లో అర్ధశతకం సాధించారు. మధ్యవరుస బ్యాట్స్‌మన్‌గా ఎదిగిన ఆయనను ఆ పిదప ఇన్నింగ్స్ ప్రారంభించవలసిందిగా పంపారు. జట్టులో ఖాళీ అక్కడే ఉంది. తనది కాని స్థానంలో, ఒక మ్యాచ్‌లో ఉంటూ మరొక మ్యాచ్‌లో లేకుండా, మూడేళ్లకు పైగా ఆయన గడిపారు.

2000 జనవరిలో సిడ్నీలో ఆస్ట్రేలియాపై భారత జట్టు రెండవ ఇన్నింగ్స్‌లో చేసిన 261 పరుగులలో 167 ఆయనవే. అంతటి ఇన్నింగ్స్ తరువాత కూడా ఆయన స్థానం స్థిరపడలేదు. 1999–2000 రంజీ సీజన్‌లో హైదరాబాదు తరఫున 8 శతకాలతో 1415 పరుగులు చేసి, ఆ పోటీలో కొత్త రికార్డు నెలకొల్పారు. ఆ ఏడాదే, ఇకపై ఇన్నింగ్స్ ప్రారంభించబోనని, మధ్యవరుసలో చోటు ఉంటేనే ఆడతానని ఆయన సెలెక్టర్లకు తెలియజేశారు. స్థానం ఖాయం కాని ఆటగాడు అటువంటి మాట చెప్పడం సాహసమే. చోటు దొరకకపోతే దేశం తరఫున ఆట అంతటితో ముగిసే అవకాశమూ ఉంది.

ఓర్పును గురించి ఆలోచించేవారు ఈ ఘట్టం వద్ద ఆగవలసి ఉంటుంది. పైచూపుకు ఇది ఓర్పు నశించిన సందర్భం వలె కనబడుతుంది. నిజానికి ఓర్పుకు, ఒప్పుదలకు మధ్య గీత గీసిన సందర్భమిది. తనకు చెందని పనిని కాదనకుండా చేస్తూ పోవడం ఒప్పుదల. తనకు చెందిన పనికోసం, అది దక్కుతుందన్న హామీ లేకపోయినా, దేశవాళీ మైదానాలలో పరుగులు చేస్తూ నిరీక్షించడం ఓర్పు. మొదటిదానిలో మనిషి తన నిర్ణయాన్ని ఇతరులకు అప్పగిస్తాడు. రెండవదానిలో ఫలితాన్ని మాత్రమే కాలానికి అప్పగించి, నిర్ణయాన్ని తనవద్దనే ఉంచుకుంటాడు. బయటినుంచి చూసేవారికి రెండూ మౌనంగానే కనబడతాయి. వాటి అంతరం లోపలిది.

2001 మార్చిలో కోల్‌కతాలో జరిగిన టెస్టు ఆ అంతరాన్ని లోకానికి చూపింది. వరుసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా జట్టు 445 పరుగులు చేసింది. భారత జట్టు 171 పరుగులకే కుప్పకూలింది. అందులో 59 లక్ష్మణ్‌వి. 274 పరుగులు వెనుకబడి ఫాలోఆన్ ఆడవలసి వచ్చినప్పుడు ఆయనను మూడవ స్థానంలో పంపారు. వెన్నునొప్పితో బాధపడుతూనే ఆయన పదిన్నర గంటలు క్రీజులో నిలిచి, 452 బంతులు ఎదుర్కొని 281 పరుగులు సాధించారు. అది అప్పటికి టెస్టులలో భారతీయుడి అత్యధిక స్కోరు. రాహుల్ ద్రావిడ్‌తో కలిసి అయిదవ వికెట్‌కు 376 పరుగులు జోడించారు. నాలుగవ రోజు, మార్చి 14న, ఆట మొదలైనప్పటినుంచి ముగిసేవరకు ఒక్క వికెట్టూ పడలేదు. ఆ రోజు వచ్చిన పరుగులు 335. భారత్ 7 వికెట్లకు 657 వద్ద డిక్లేర్ చేసి, ఆస్ట్రేలియాను 212 పరుగులకు ఆలౌట్ చేసి, 171 పరుగుల తేడాతో గెలిచింది. ఫాలోఆన్ ఆడిన జట్టు టెస్టు గెలవడం అంతకుముందు 1894లో సిడ్నీలోను, 1981లో లీడ్స్‌లోను మాత్రమే జరిగింది. ఆ తరువాత 2023లో వెల్లింగ్టన్‌లో మరొకసారి జరిగింది.

ఈ అంకెలలో తరచు విస్మరణకు గురయ్యేది ఒకటి ఉంది. ఆ 281 పరుగులలో 44 బౌండరీలు ఉన్నాయి. అంటే 176 పరుగులు ఫోర్ల ద్వారా వచ్చినవే. కేవలం కాచుకుని కూర్చున్న ఇన్నింగ్స్ కాదది. లెగ్‌స్టంప్ వెలుపల గరుకు నేలపై పడి తిరిగే షేన్ వార్న్ బంతులను ముందుకు కదిలి కవర్ల వైపు తరలించిన ఇన్నింగ్స్ అది. ఓర్పు అనగా క్రియాశూన్యత అన్న భావన ఎంత దోషభూయిష్టమో ఇది తెలుపుతుంది. వదలవలసిన బంతిని వదలడం, కొట్టవలసిన బంతిని కొట్టడం ఒకే శ్రద్ధకు రెండు ముఖాలు. ఏ బంతికోసం వేచి ఉన్నాడో తెలియని బ్యాట్స్‌మన్ ఎంతసేపు నిలిచినా అతడు చేసేది కాలయాపన మాత్రమే.

కోల్‌కతా విజయం తరువాత దారి సుగమమైందనుకుంటే పొరపాటు. 2003 ప్రపంచకప్ జట్టులో లక్ష్మణ్‌కు చోటు దక్కలేదు. 86 ఒకరోజు మ్యాచ్‌లలో 6 శతకాలు చేసిన ఆటగాడు ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడకుండానే వృత్తి ముగించడం క్రికెట్ చరిత్రలోని విచిత్రాలలో ఒకటి. ఆ గాయం ఎంత లోతైనదో ఆయన తరువాత దాచుకోలేదు. అయినా అదే ఏడాది డిసెంబరులో అడిలైడ్‌లో 148 పరుగులు చేసి, ద్రావిడ్‌తో 303 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పి, ఆస్ట్రేలియా గడ్డపై ఒక విజయానికి పునాది వేశారు.

2010 అక్టోబరులో మొహాలీలో జరిగిన ఘట్టం మరొక విధంగా పరిశీలించదగినది. 216 పరుగుల లక్ష్యానికి భారత్ 124 పరుగులకు 8 వికెట్లు కోల్పోయింది. వెన్ను పట్టేయడంతో రన్నర్ సాయంతో ఆడుతున్న లక్ష్మణ్, ఇషాంత్ శర్మతో కలిసి 81 పరుగులు జోడించారు. చివరి వికెట్‌కు ప్రజ్ఞాన్ ఓఝా తోడు రాగా ఒక్క వికెట్ తేడాతో జట్టును గెలిపించారు. ఆయన చేసినవి 73 పరుగులు, అజేయంగా. చివరి క్షణాలలో పరుగు విషయమై ఓఝాపై ఆయన బ్యాటు ఎత్తి గట్టిగా కేకలు వేయడం దేశమంతా చూసింది. మృదుస్వభావిగా పేరుపడిన వ్యక్తికి కోపం వచ్చిందని కొందరు ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపడవలసినదేమీ లేదు. కోపం లేకపోవడం ఓర్పు కాదు. ఫలితాన్ని పట్టించుకోనివారికి కోపమూ రాదు, ఓర్పు అవసరమూ ఉండదు. పట్టించుకుంటూనే పట్టు విడువకపోవడం ఓర్పు లక్షణం.

ఈ విషయాన్ని మహాభారతం అరణ్యపర్వంలోనే విచారించింది. వనవాసంలో ద్రౌపది ధర్మరాజును నిలదీస్తుంది. క్షత్రియుడవై ఉండి నీకు కోపమెందుకు రాదని అడుగుతుంది. ప్రహ్లాదుడు బలికి చెప్పిన నీతిని ఉదహరిస్తుంది. ఎల్లవేళలా తేజస్సు మంచిది కాదు, ఎల్లవేళలా క్షమ కూడా మంచిది కాదన్నది ఆ నీతి సారాంశం. నిత్యం క్షమించేవాడిని సేవకులు సైతం లెక్కచేయరని ఆమె వాదం. ధర్మరాజు క్షమను శ్లాఘిస్తూ బదులు చెబుతాడు. అయితే ఆ ధర్మరాజు కూర్చున్నది గడువు లేని నిరీక్షణలో కాదన్నది గమనార్హం. పన్నెండేళ్ల వనవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం అని ముందుగానే నిర్ణయమై ఉంది. గడువు తీరిన పిమ్మట రాజ్యం అడిగే హక్కు ఉంది. అడిగినా ఇవ్వని నాడు ఏం జరిగిందో అందరూ ఎరిగినదే. ధర్మరాజు ఓర్పుకు తుది ఉంది. ఆ తుదియే దానిని ధర్మంగా నిలిపింది.

ఇప్పుడు లక్ష్మణ్ ఓర్పును నిలబెట్టినవేమిటో విడదీసి చూడవచ్చు. మొదటిది, ఆటకు నియమాలు ఉన్నాయి, అవి ఇరుపక్షాలకూ ఒకటే. రెండవది, ప్రతి పరుగూ లెక్కకు వచ్చింది. జట్టులో చోటు ఇవ్వనివారు సైతం 1415 పరుగులు లేవనలేరు. మూడవది, ఎదుటి కొసన తోడు ఉన్నాడు. నాలుగవది, ఆట కలిసిరాకపోతే ఆశ్రయించడానికి చదువూ కుటుంబమూ ఉన్నాయి. ఇవి చెప్పడం ఆయన ఘనతను తగ్గించడం కాదు. ఇవన్నీ ఉన్నా ఎందరో మధ్యలో వదిలివేశారు. కానీ ఆ ఘనతను పాఠంగా మార్చి ఇతరులకు చెప్పేటప్పుడు ఈ నాలుగింటిని పక్కన పెట్టడం న్యాయం కాదు.

ఈ మాట ఎంత ముఖ్యమో తెలియాలంటే మైదానం వదిలి దూరంగా, ఉసూర్ వైపు చూడాలి. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, పూర్వపు బస్తర్ దక్షిణ కొసన, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న తహసీలు ఉసూర్. కొండల కిటువైపు ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు మండలాలు. అక్కడి దొర్లల మాటలో కోయ, తెలుగు కలగలిసి వినిపిస్తాయి. కాకతీయ రాజ్యం 1323లో పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్ రాజ్యం స్థాపించాడన్నది ఆ ప్రాంత సంప్రదాయం. రాజ్యాలు మారాయి, సరిహద్దులు మారాయి. బస్తర్ జిల్లానుంచి 1998లో దంతెవాడ, దానినుంచి 2007లో బీజాపూర్ ఏర్పడ్డాయి. నడుమ 2000 నవంబరు 1న రాష్ట్రమే మారింది.

ఈ నేలపై రెండు రకాల ఓర్పులు పక్కపక్కనే కనబడతాయి. ఒకటి అడవి నేర్పినది. ఇప్పపువ్వు రాలే కాలంలో తెల్లవారుజామునే చెట్టు కిందికి చేరి ఒక్కొక్క పువ్వునూ ఏరడం, వేసవి ఎండలో తునికాకు కోసి కట్టలు కట్టడం తొందరపాటుకు లొంగని పనులు. అక్కడ పువ్వు రాలుతుందని తెలుసు, ఆకు చిగురిస్తుందని తెలుసు. చెలమలో నీరు ఉంది. రెండవది పాలన నేర్పినది. రోడ్డుకోసం, ఉపాధ్యాయుడికోసం, వైద్యుడికోసం, సాగు చేసుకుంటున్న భూమికి పట్టాకోసం నిరీక్షించడం. ఇక్కడ పరుగుల పట్టిక లేదు. ఎన్నిసార్లు తిరిగారో ఏ పుస్తకమూ నమోదు చేయదు.

పాలకులు ఈ రెండవ ఓర్పును ఒప్పుదలగా పొరబడిన చరిత్ర బస్తర్‌కు ఉంది. 1905లో వలస ప్రభుత్వం అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని ప్రతిపాదించింది. పోడు, వేట, అటవీ ఉత్పత్తుల సేకరణ నిషేధానికి గురయ్యాయి. పెరిగిన శిస్తులు, అధికారుల వెట్టి, కరవులు అంతకుముందునుంచే ఉన్నాయి. ప్రజలు సహించారు. సహిస్తున్నారు గనుక సమ్మతించారని అధికారులు భావించారు. 1910లో మామిడి కొమ్మలు, మట్టిముద్ద, మిరపకాయలు, బాణాలు ఊరినుంచి ఊరికి సందేశాలుగా తిరిగాయి. గుండాధుర్ పేరుతో ముడిపడిన ఆ భూమ్‌కాల్ తిరుగుబాటును సైన్యం అణచివేసింది. అయినా రిజర్వేషన్ పని తాత్కాలికంగా ఆగింది. రిజర్వు చేయదలచిన విస్తీర్ణం ముందు అనుకున్నదానిలో సుమారు సగానికి తగ్గింది. ఎవరూ లెక్కవేయని ఓర్పుకు ఆ విధంగా, ఎంతో ఆలస్యంగా, ఎంతో రక్తం చిందిన పిదప లెక్క తేలింది.

ఇటీవలి చరిత్ర ఇంకా నొప్పిగానే ఉంది. 2005 తరువాత సల్వాజుడుం, మావోయిస్టు హింసల నడుమ బీజాపూర్ పల్లెలు నలిగాయి. అనేక పాఠశాలలు మూతపడ్డాయి. ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవులకు చేరుకున్నాయి. స్థానిక గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005లో బడి మానిన పిల్లవాడికి ఆ తీర్పు వచ్చేనాటికి బాల్యం గడచిపోయింది. క్రికెటర్ పోగొట్టుకున్న ప్రపంచకప్ తరువాత మరొక సిరీస్ ఉంటుంది. బాల్యానికి రెండవ ఇన్నింగ్స్ ఉండదు.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు, అది తేలికగా తోసివేయదగినది కాదు. పాలనలో ప్రతి ఆలస్యమూ అన్యాయం కాదు. వంతెన ఒక వానాకాలంలో పూర్తి కాదు. నియామకానికి నియమాలున్నాయి, నిధులకు పరిమితులున్నాయి. తొందరలో ఇచ్చిన పట్టా రేపు మరొకరి హక్కును హరించవచ్చు. నిజాయితీగల అధికారి సైతం కొంత ఆగండి అని చెప్పక తప్పదు. పైగా, ఓర్పు పూర్తిగా నశించిన చోట తుపాకి మాట్లాడుతుందని, అది మొదట బలిగొనేది నిరుపేదలనే అని ఈ ప్రాంతమే సాక్ష్యమిస్తోంది. కనుక ఓర్పు చెప్పడమే తప్పనడం అతివాదమవుతుంది.

అయితే ఓర్పు కోరేవారు మూడు ఋణాలు తీర్చవలసి ఉంటుంది. మొదటిది గడువు. ఎంతకాలమో చెప్పకుండా ఆగమనడం జూదంలో ఓడించినవారు సైతం ధర్మరాజుకు చేయని అన్యాయం. రెండవది లెక్క. నిరీక్షించినవారి నిరీక్షణ ఎక్కడో ఒకచోట నమోదు కావాలి. మూడవది పాలు. ఆలస్యం వల్ల కలిగే నష్టం కోరినవారిని కూడా కొంతైనా తాకాలి. స్వతంత్ర భారతం ఈ ఋణాలను గుర్తించకపోలేదు. 2005 సమాచార హక్కు చట్టం సమాధానానికి 30 రోజుల గడువు విధించి, జాప్యానికి బాధ్యుడైన అధికారిపై జరిమానాకు వీలు కల్పించింది. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు జరిగిన చారిత్రక అన్యాయాన్ని తన ప్రవేశికలోనే అంగీకరించింది. 2011లో ఛత్తీస్‌గఢ్ లోకసేవా గ్యారంటీ చట్టం ప్రభుత్వ సేవలకు కాలపరిమితి నిర్ణయించింది. చట్టం గడువు చెప్పడం ఒక ఎత్తు, ఉసూర్‌లో ఒక రశీదుపై తేదీ వేసి ఇవ్వడం మరొక ఎత్తు. ఆ రశీదు చిన్న కాగితమే కావచ్చు. అర్జీదారు ఓర్పుకు అది స్కోరుబోర్డు.

2024లో బస్తర్ ఒలింపిక్స్ పేరిట బీజాపూర్‌తో సహా ఆ డివిజన్‌లోని ఏడు జిల్లాల యువతీయువకులకు క్రీడాపోటీలు జరిగాయి. ఆటలు అన్నం పెట్టవు, బడులు తెరవవు. కానీ కొలిచే ఆట, నియమం అందరికీ ఒకటిగా ఉండే ఆట, ఒక విషయం నేర్పగలదు. చేసిన ప్రయత్నం లెక్కకు వస్తుందన్న నమ్మకమది. ఆ నమ్మకం మైదానంలో కలిగి కార్యాలయం గుమ్మంలో ఆవిరైపోకుండా చూడవలసిన బాధ్యత ఆటగాళ్లది కాదు.

లక్ష్మణ్ వృత్తిలోని చివరి ఘట్టం ఓర్పుకు మరొక అంచును చూపుతుంది. 2011–12లో ఇంగ్లండు, ఆస్ట్రేలియా పర్యటనలలో జట్టూ ఆయనా విఫలమయ్యారు. 2012 ఆగస్టులో న్యూజిలాండ్‌పై సిరీస్‌కు ఎంపికై, తొలి టెస్టు సొంత ఊరు హైదరాబాదులోనే జరగనుండగా, ఆగస్టు 18న తక్షణమే విరమిస్తున్నట్లు ప్రకటించారు. 134 టెస్టులు, 8781 పరుగులు, 17 శతకాలు. సొంత ప్రేక్షకుల నడుమ వీడ్కోలు టెస్టు ఆడి ఉంటే కాదనేవారు లేరు. ఆగడం తెలిసినవారికే ఇక ఆగనక్కరలేదన్న క్షణం తెలుస్తుందేమో.

ఆ క్షణాన్ని నిర్ణయించుకునే స్వేచ్ఛ ఆయనకు ఉంది. ఓర్పు గుణమయ్యేది ఆ స్వేచ్ఛ ఉన్నప్పుడే. 2000లో కాదని చెప్పగలిగారు గనుక 2001లో నిలవడం ఘనత అయింది. కాదనే వీలు లేనివారి ఓర్పును మెచ్చుకోవడం సులభమే. కానీ అది మెప్పు కోరే ఓర్పు కాదు, సమాధానం కోరే ఓర్పు. దానిని గుణంగా కీర్తించే ముందు, అది ఎవరికి రావలసిన బాకీయో చూసుకోవడం బాకీపడినవారి కనీస ధర్మం.